చివరింటి నల్లా

ఇప్పుడు మా గల్లీలో నీళ్ళ కోసం ఎవరూ గడప దాటడం లేదు. కొత్త పైపులైను వేశాక ఎవరి సంపులోకి వాళ్ళకి నీళ్ళు వాటంతటవే పడుతున్నాయి. ఎప్పుడొచ్చాయో, ఎప్పుడు కట్టయ్యాయో కూడా తెలియదు. మంచిదే, కాదని ఎవరంటారు? అయినా నాకు మాత్రం రోజు విడిచి రోజు పొద్దున్న ఆరుకల్లా మెలకువ వచ్చేస్తుంది. అలవాటు కొద్దీ ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తీసుకెళ్ళి గేటు బయట వేసుకుని కూర్చుంటాను. "ఎవర్ని పట్టుకోవడానికి పొద్దున్నే కాపలా?" అని మా ఆయన లోపల్నుంచి వేళాకోళం చేస్తారు. ఎవర్ని పట్టుకుంటాను? అందరి తలుపులూ వేసే ఉంటాయి. ఒకప్పుడు ఈ వేళకి గల్లీ గల్లీ అంతా బయటే ఉండేది. ఆ గంట అంటే నాకెంత ఇష్టమో అది పోయాక గానీ తెలియలేదు.

మాది అశోక్‌నగర్‌లో ఒక చిన్న గల్లీ. ఒక కొస చిక్కడపల్లికి పోయే రోడ్డు, రెండో కొస గోడ. అటు దారి లేదు. రెండు పక్కలా కలిపి పద్నాలుగు ఇళ్ళు, మధ్యలో ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. మా ఇల్లు రోడ్డు వైపు నుంచి మూడోది. మా మామగారు ఆ రోజుల్లో సెక్రటేరియట్ ఉద్యోగానికి ఆంధ్ర నుంచి వచ్చి కట్టుకున్న ఇల్లు. నేను బందరు నుంచి కోడలిగా వచ్చి, నారాయణగూడలో ఒక బళ్ళో లెక్కల టీచరుగా చేరి, ముప్పై ఏళ్ళు పిల్లల చెవులు మెలిపెట్టి రిటైరయ్యాను. గల్లీలో చిన్నాపెద్దా అందరికీ టీచరమ్మనే. నా నోటి సంగతి కూడా అందరికీ తెలుసు. ఎక్కడైనా తప్పు కనిపిస్తే ఊరుకోను. అది నా గొప్పతనం అనుకునేదాన్ని చాలాకాలం.

గోడకి ఆనుకుని ఉన్న చివరింట్లో కింది వాటా కిరాయికి తీసుకుని ఒకావిడ మెస్ నడిపేది. వరంగల్ దగ్గర ఏదో పల్లె. మొగుడు పోయాక కూడా పొయ్యి ఆర్పకుండా ఒక్కతే నెట్టుకొచ్చింది. మా పేట నిండా పోటీ పరీక్షలకి చదువుకునే పిల్లలే కదా. జిల్లాల నుంచి వచ్చి, ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుని, పొద్దంతా చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని, అన్నం వేళకి ఆవిడ దగ్గరకి వచ్చేవాళ్ళు. వాళ్ళు అక్కా అని పిలవబట్టి మా అందరికీ ఆవిడ మెస్సక్క అయింది. పప్పు, ఏదో ఒక వేపుడు, పచ్చిపులుసు, ఆదివారం కోడికూర. ఉద్యోగం వచ్చిన పిల్లలు మిఠాయి డబ్బా పట్టుకుని ముందు ఆవిడ దగ్గరకే పరుగెత్తుకొచ్చేవాళ్ళు. రాని వాళ్ళూ ఆవిడ దగ్గరకే వచ్చి తలొంచుకుని తినేసి పోయేవాళ్ళు.

నీళ్ళు మాకు రోజు విడిచి రోజు, పొద్దున్న ఆరు నుంచి ఏడు దాకా వచ్చేవి. లైను రోడ్డు వైపు నుంచి లోపలికి వస్తుంది. మొదటి ఇళ్ళకి బాగానే వచ్చేవి, పోనుపోను తగ్గేవి, గోడ దగ్గరికి వచ్చేసరికి నల్లా దగ్గడం తప్ప మరేమీ ఉండేది కాదు. కారణం దేవరహస్యమేమీ కాదు. ప్రతి ఇంట్లోనూ నీళ్ళ లైనుకే మోటారు తగిలించి గుంజడమే. అలా పెట్టకూడదని రూలు. రూలు అందరికీ తెలుసు, మోటారు అందరికీ ఉంది. మాకూ ఉంది. పైగా మా ఆయన దానికి ఆటోమేటిక్ స్విచ్చొకటి తెచ్చి బిగించారు. లైనులోకి నీళ్ళు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది, ఎవరూ లేవక్కర్లేదు. అందరూ చేసే పనే కదా అని ఆ రోజుల్లో నాకు చీమ కుట్టినట్టయినా లేదు.

మెస్సక్క నీళ్ళ రోజున ఏడు దాటాక మా పెరట్లోకి వచ్చి మా సంపులోంచి పట్టుకెళ్ళేది. ఆవిడ ప్లాస్టిక్ బిందెలు పగిలిపోతే, మా అమ్మ నా పెళ్ళికి సారెలో పెట్టిన స్టీలు బిందెలు రెండు ఇచ్చాను. వాటి మెడ మీద మా అమ్మ పేరు చెక్కి ఉంటుంది. "ఉంచుకోమ్మా, నాకిప్పుడేం పని వాటితో" అన్నాను. ఆవిడ ఒకటి చంకన, ఒకటి చేత పట్టుకుని గోడ దాకా ఎన్నిసార్లు తిరిగేదో. డెబ్భై మందికి వండాలి, ఆ గిన్నెలన్నీ తోమాలి. రెండు బిందెలు ఏ మూలకి?

ఒక వేసవి ఆఖర్లో బిందె కింద పెట్టి, నడుం పట్టుకుని, మామూలుగానే చెప్పింది. "దసరా దాంక చూస్త టీచరమ్మా. అటెన్క అంబర్‌పేట్ల మా అన్న ఇంటికి పోత. ఇగ నాతోని కాదు."

"అక్కడ మెస్ పెడతావా?"

"ఆడ ఈ పిల్లలేడుంటరు? మా వదిన కాడ ఉండుడే. పెట్టింది తినుడు, చెప్పింది చేసుడు."

ఇరవై ఏళ్ళుగా వందలమందికి వడ్డించిన మనిషి. ఇంకొకరు పెట్టింది తింటూ ఒక మూల కూర్చోవడం నా కళ్ళముందు కనిపించింది. "నువ్వెక్కడికీ పోవు. దసరా లోపల నీ నల్లాలో నీళ్ళు తెప్పించకపోతే నా పేరు మార్చుకుంటా" అనేశాను. అనడానికేం, నోరు మంచిదైతే కదా.

మర్నాడే నీళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. ఒక ఇంజనీరు, చిన్నవాడే, మర్యాదస్తుడు, మనిషినిచ్చి పంపాడు. వాళ్ళు గల్లీ మొదట్లో ఏదో మీటరు పెట్టి చూసి, "మేమిచ్చేది కరెక్టుగనే వస్తుంది మేడం, లోపల మీరే ఒకరి నోటికాడిది ఒకరు గుంజుకుంటున్నరు" అని చెప్పి వెళ్ళిపోయారు. ఒళ్ళు మండింది. మండినా ఏం లాభం, అబద్ధమైతే కదా పోట్లాడటానికి.

ఆదివారం సాయంత్రం మా వరండాలో మీటింగు పెట్టాను. మిరపకాయ బజ్జీలు వేస్తే అందరూ వచ్చారు. మోటార్లు పెట్టి గుంజడం తప్పేనని అందరూ ఒప్పుకున్నారు. మేం మాత్రం వేయడం లేదని కూడా అందరూ చెప్పారు. దేవుడి మీద ఒకరు, పిల్లల మీద ఒకరు ఒట్లు. బజ్జీలు అయిపోయాయి గానీ పని జరగలేదు. అప్పుడు మా ఎదురింటి పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. కరెంటు డిపార్ట్‌మెంటులో చేసి రిటైరైన మనిషి, మూడు తరాలుగా ఈ పేటే. అందరూ కరెంటు సార్ అనేవాళ్ళు.

"ఇది మాట మీద నడిచే ముచ్చట కాదు బిడ్డా" అన్నాడు నాతో. "నీళ్ళొచ్చే గంట ఇంటింటికి మెయిన్ బంద్ చేద్దాం. కరెంటే లేకుంటె మోటారేంది, దాని తాతైన తిరుగది."

గగ్గోలు లేచింది. గీజర్లెలా, మిక్సీలెలా, ఆఫీసు టైమెలా అని. మంచంలో ఉన్న ముసలివాళ్ళకి ఫ్యాను ఎలా అని నేనే అడిగాను. మా అత్తయ్య ఎనభై దాటి వెనక గదిలో మంచాన ఉండేది.

"ఇన్వర్టర్ ఉన్నోళ్ళు ఫ్యాన్లు ఏస్కోండ్రి, తప్పులేదు. ఇన్వర్టర్‌కు మోటారు లైనెవ్వరియ్యరు" అన్నాడాయన. "ఇంకోటి. ఆ గంట ప్రతి ఇంటికెల్లి మనిషి బయటికొచ్చి గేటు ముంగట కూసోవాలె. డౌటొస్తె ఎవ్వరైన ఎవ్వరి ఇంట్లకన్న పోయి మోటారు మీద చెయ్యి పెట్టి చూడొచ్చు. మనిషి అబద్ధమాడుతడు గని మోటారాడది. తిరిగితె కాలుతది."

అలా మొదలైంది. ఆరింటికి నీళ్ళు వదిలే మనిషి పొడుగాటి ఇనప తాళంచెవి పట్టుకుని బండి మీద వచ్చేవాడు. రోడ్డు మీది గుంటలో దాన్ని దించి, నాలుగు తిప్పులు తిప్పి, "ఇడిచిన్నోయ్" అని కేకేసేవాడు. వెంటనే కరెంటు సార్ లుంగీ సవరించుకుంటూ "మెయిన్ బంద్" అని అరిచేవాడు. వరసగా టక్ టక్ మని చప్పుళ్ళు. టీవీలో సుప్రభాతాలు సగంలో ఆగేవి, మిక్సీలు ఆగేవి. గల్లీలో అంత నిశ్శబ్దం నేను కోడలిగా వచ్చిన కొత్తలో విన్నానేమో. ఆ తర్వాత మళ్ళీ అప్పుడే.

మొదటి వారం ముఖాలు మాడ్చుకుని కూర్చున్నారు. ఒకరి గేటు వైపు ఒకరి చూపు. రెండో వారం ఎవరో ఫ్లాస్కులో చాయ్ తెచ్చారు. మూడో వారానికి మెస్సక్క ఆ పూట కూరగాయలన్నీ తెచ్చి, పళ్ళాలు పంచి, "ఊకెనే కూసునుడెందుకు, జర కొయ్యుండ్రి" అంది. అంతే, ఇక అదే ఆచారం. దొండకాయలు ఒకింటికి, చిక్కుళ్ళు ఒకింటికి. బ్యాంకు మేనేజరు ఉల్లిపాయలు వలిచాడు. కరెంటు సార్ బెండకాయ ఎంత సన్నగా తరిగేవాడో చూస్తే ఆయన భార్యకే ఆశ్చర్యం. "ముప్పై ఐదేండ్ల కాపురంల ఒక్కనాడు కత్తి ముట్టలేదు సూడుండ్రి" అని ఆవిడ అందరికీ చూపించేది. నేను పచ్చడి అంటే వాళ్ళు తొక్కు అని దిద్దేవాళ్ళు. పేరొకటి తప్ప తేడా ఏముందని నేను వాదించేదాన్ని. బర్కత్‌పుర పార్కులో నడిచి వచ్చేవాళ్ళు మా గల్లీ మొదట్లో ఆగి, ఇదేం చోద్యమని చూసేవాళ్ళు. పక్కపక్క ఇళ్ళలో పదేళ్ళుండి ఒకరి మొహం ఒకరికి తెలియని వాళ్ళం. ఆ గంటలో ఎవరి కూతురికి సంబంధాలు చూస్తున్నారో, ఎవరికి మోకాళ్ళ నొప్పులో, ఎవరు కాచిగూడ స్టేషన్లో రైలు తప్పిపోయి తిట్లు తిన్నారో అన్నీ తెలిశాయి. నేను మాత్రం కత్తి పట్టకుండా, అటూ ఇటూ తిరుగుతూ, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా అందర్నీ కనిపెట్టుకుని ఉండేదాన్ని. నిజం చెప్పొద్దూ, నాకు మహా సరదాగా ఉండేది.

నీళ్ళూ వచ్చాయి. ఎనిమిదో ఇంటికి వచ్చాయి, పదికి వచ్చాయి, పదమూడుకి వచ్చాయి. చివరింటికి మాత్రం నూలుపోగంత ధార. చెంబు నిండడానికి పావుగంట. మెస్సక్క ఏడు దాటాక ఎప్పట్లాగే మా అమ్మ బిందెలు పట్టుకుని మా పెరట్లోకి వచ్చేది.

ఎవరో ఒకరు దొంగాట ఆడుతున్నారని నాకు అర్థమైపోయింది. ఎవరంటే ఎవరు? అపార్ట్‌మెంటే. అయిదంతస్తులు, పది ఫ్లాట్లు, వాళ్ళకి కాక ఎవరికి అవసరం? దాని సెక్రటరీకి నారాయణగూడలో బట్టల కొట్టుంది. మెత్తటి మనిషి, గట్టిగా మాట్లాడటం ఎవరూ విని ఎరగరు. ఆ మెతకదనమే నాకు మరీ అనుమానం. ఒక పొద్దున్న అందరూ చూస్తుండగా ఆయన కుర్చీ ముందు నిలబడి, "మీ మోటారు గది తాళం తీయండి" అన్నాను.

"తీస్త టీచరమ్మా, దాందేముంది" అని లేచాడు. సగం గల్లీ నా వెనకాల. చెయ్యి పెట్టాను. మోటారు చల్లగా ఉంది. ఇటు పెట్టాను, అటు పెట్టాను. చల్లగానే ఉంది. అప్పుడైనా ఒక్క మాట అనవచ్చు కదా, తప్పయిందని? అననే లేదు. "చెయ్యి పెట్టేలోపల ఆపేస్తే చల్లగా ఉండదూ?" అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. తాళం వేసుకుని వచ్చి, వదిలేసిన చిక్కుళ్ళ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ ఈనెలు తీయడం మొదలుపెట్టాడు.

ఇంట్లో మా అత్తయ్యది ఇంకో గోల. నీళ్ళ రోజు వచ్చిందంటే చాలు, "అమ్మాయీ, ఇంట్లో తేనెటీగ దూరిందే. జుయ్యిమంటోంది" అని పిలిచేది. ఆ వయసులో మతిమరుపు, చెవుల్లో హోరు. నేను గేటు వైపు పరుగెత్తుతూ, "ఫ్యాను చప్పుడత్తయ్యా, పడుకోండి" అనేదాన్ని. "ఫ్యాను నాకు తెలీదుటే" అని ఆవిడ గొణుక్కునేది. నాకు వినే తీరికెక్కడ? గల్లీని కాపలా కాయాలి కదా.

బతుకమ్మ రోజులొచ్చాయి. గల్లీ మొదట్లో తంగేడు పూలు, గునుగు పూలు గుట్టలుగా పోసి అమ్ముతున్నారు. ఆ వారం నీళ్ళ పొద్దున్న కూరగాయలు పంచుతూ మెస్సక్క అందరికీ వినిపించేలా చెప్పింది. "దసరా తెల్లారి ట్రాలీ మాట్లాడిండు మా అన్న. పొయ్యిలు, గిన్నెలు ఎవ్వరికన్న కావాలంటె చెప్పుండ్రి." కరెంటు సార్ బెండకాయలు కోయడం ఆపేశాడు. నాకు దుఃఖం, దాని వెంటే కోపం. మాటిచ్చింది నేను కదా. అందర్నీ ఒక చూపు చూసి, పక్కావిడ చేతిలో కత్తి లాక్కుని సొరకాయ మీద నా కోపం చూపించాను. సొరకాయతో పాటు వేలూ తెగింది. పసుపు పెట్టుకుందామని లోపలికి పరుగెత్తాను.

అన్ని నెలల్లో ఆ గంటలో నేను ఇంట్లోకి రావడం అదే మొదటిసారి. వంటింట్లో పసుపు డబ్బా అందుకున్నాను. గల్లీలో మిక్సీలు, టీవీలు ఆగి ఉన్నాయి, అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో వినిపించింది. జుయ్యిమని. సన్నగా, విడవకుండా.

"విన్నావా? ఇప్పుడైనా విన్నావా?" అంది అత్తయ్య వెనక గదిలోంచి.

చప్పుడు వెంబడే వెళ్ళాను. వెనక వాకిట్లో, మెట్ల కింద, చెక్క పెట్టె లోపల మా మోటారు తిరుగుతోంది. మెయిన్ బంద్ చేసి ఉంది, నా చేత్తో నేనే చేశాను. అయినా తిరుగుతోంది. చెయ్యి పెట్టాను. చురుక్కుమంది.

ఎలాగో అర్థం కావడానికి లెక్కల టీచరుకి రెండు నిమిషాలు పట్టింది. అత్తయ్య ఫ్యాను కోసమని మీటింగు జరిగిన వారంలోనే ఇన్వర్టర్ పెట్టించాం. మా ఆయన ఊళ్ళో లేరు. ఎలక్ట్రీషియన్ వచ్చి, ఏయే లైన్లు కలపాలమ్మా అని అడిగాడు. "ఇల్లంతటికీ ఇచ్చేసెయ్యి బాబూ, మాటిమాటికీ నిన్ను పిలవలేను" అన్నది నేనే. నా నోరే. ఇల్లంతా అంటే మోటారు కూడా కదా. గల్లీ మొత్తానికి కరెంటు ఆపించి, అందరి మోటార్లూ నోరు మూసుకున్నాక, లైనులో ఉన్న నీళ్ళన్నీ మా మోటారొక్కటే నింపాదిగా గుంజుకుంటోంది. నేనేమో గేటు ముందు దొంగల్ని వెతుకుతున్నాను.

సిగ్గుతో చచ్చిపోయాను. ఉన్నదున్నట్టు చెబుతాను, మొదట నాకు వచ్చిన బుద్ధి మంచిది కాదు. స్విచ్ పీకేసి ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. పీకేశాను కూడా. తేనెటీగ ఆగిపోయింది. మెట్ల మీద కూలబడ్డాను. నా మోటారు మీద ఇన్నాళ్ళూ ఎవరూ చెయ్యి పెట్టి చూడలేదు. టీచరమ్మ మోటారు మీద చెయ్యి పెట్టే ధైర్యం ఎవరికుంది?

కాసేపటికి మెస్సక్క లోపలికి వచ్చింది, వేలికి రక్తం ఆగిందో లేదో చూద్దామని. నన్ను చూసింది, పెట్టె మూత తీసి ఉండటం చూసింది. ఏమైందని అడగలేదు. నా పక్కన కూర్చుని వేలు పట్టుకుని పసుపు అద్దింది. అప్పుడు నాకు అనుమానం వచ్చింది.

"నీకు తెలుసు కదూ?"

తల ఊపింది. "శానా దినాలాయె. బిందెలు ముంచుకపోనీకి వచ్చినప్పుడు పెట్టె మూత తెర్సుండె, చెయ్యి తాకింది. కాలింది."

"మరి నోరు మెదపలేదేం? నీ నీళ్ళు నేను తాగేస్తున్నానని నా ముఖాన అడగొచ్చుగా?"

"మీరు తెల్సి చెయ్యలేదని నాకు ఎరుకనే. చెప్తె ఏమైతుండె టీచరమ్మా?" అంది, వేలికి గుడ్డ చుడుతూ. "మీరు కూసుంటున్నరనే గద అందరు కూసుంటున్నరు. గల్లీల మీ మాట పోతె ఎల్లుండికల్ల అన్ని మోటార్లు తిరుగుతయి. నా ఒక్కదానికి రాకుంటేంది, పదమూడిండ్లకు వస్తున్నయి గద."

నేను ఏడ్చాను. ముప్పై ఏళ్ళు నల్లబోర్డు ముందు నిలబడి తప్పు చేసిన పిల్లల్ని లేచి నిలబడమన్నదాన్ని. ఆ పూట ఆ మెట్ల మీంచి లేవడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను. ఆవిడ "ఊకోండ్రి, ఎవ్వరికి చెప్పకుండ్రి" అని నా కొంగు పట్టుకుని ఆపుతూనే ఉంది. విడిపించుకుని తిన్నగా గల్లీలోకి వచ్చి అపార్ట్‌మెంటు సెక్రటరీ ముందు నిలబడ్డాను.

"మీరొకసారి మా ఇంట్లోకి రావాలి" అన్నాను. "వచ్చి నా మోటారు మీద చెయ్యి పెట్టాలి."

ఆయన బిత్తరపోయాడు. "ఎందుకు టీచరమ్మా, మీ మోటారు సంగతి మాకు తెల్వదా" అన్నాడు. బతిమాలి తీసుకెళ్ళాను. గల్లీ అంతా వెనకాలే వచ్చింది, వెనక వాకిలి పట్టనంత మంది. ఆయన వంగి చెయ్యి పెట్టి, చటుక్కున తీసేశాడు. ఆయన నా ముఖం చూశాడు, మెస్సక్క ముఖం చూశాడు.

"దీని మీద ఛాయ్ కాగుతది టీచరమ్మా" అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు, ఆయన కూడా. నేను అందరి ముందూ ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టాను. "అయ్యయ్యో, పెద్దోళ్ళు మీరు" అని ఆయన వెనక్కి జరిగాడు. జరిగిందంతా, ఎలక్ట్రీషియన్‌తో నేనన్న మాటతో సహా, దాచకుండా చెప్పాను. కరెంటు సార్ నెత్తి కొట్టుకున్నాడు. "ఎవ్వరియ్యరంటి గద ఇన్వర్టర్‌కు మోటారు లైను! డిపార్ట్‌మెంట్ల ముప్పయ్యేండ్లు చేసి ఇది ఎర్కలేకపాయె నాకు." ఆ మధ్యాహ్నం ఆ ఎలక్ట్రీషియన్నే పిలిపించాను. మా లైను తీసేసి ఇంటికి పోబోతుంటే ఇంకో రెండిళ్ళ వాళ్ళు, మెల్లగా, మాదీ ఒకసారి చూసిపో అన్నారు. ఎందుకని ఎవర్నీ ఎవరూ అడగలేదు. నేను ప్లంబర్ని పిలిపించి మోటారే పీకించేశాను. సాయంత్రం అత్తయ్య అడిగింది, "తేనెటీగ పోయిందా అమ్మాయీ?" అని. పోయిందన్నాను. "చెబితే వినవు కదా" అంది ఆవిడ, గోడ వైపు తిరిగి పడుకుంటూ.

తర్వాతి నీళ్ళ రోజు, దసరా ముందొచ్చే ఆఖరి బతుకమ్మ, సద్దుల బతుకమ్మకి ముందు రోజు. ఆరింటికి కేక వినిపించింది, మెయిన్లు పడ్డాయి. మెస్సక్క రాలేదు, కూరగాయలూ రాలేదు. అందరం చేతులు ముడుచుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నాం. సెక్రటరీ లేచి చూసొస్తానంటే కరెంటు సార్ కూర్చోబెట్టాడు. పావుగంట. అరగంట. నేను మెడ మీద చెయ్యి వేసుకుని నేల చూపులు చూస్తున్నాను.

అప్పుడు వచ్చింది. ఒక బిందె చంకన, ఒక బిందె చేతిలో. రెండూ అంచుల దాకా నిండి ఉన్నాయి, అడుగడుక్కీ తొణుకుతున్నాయి, చీర సగం తడిసిపోయింది. అందరి గేట్లూ దాటుకుంటూ గల్లీ పొడుగునా నడిచి వచ్చి, నా కుర్చీ ముందు దించింది. మా అమ్మ పేరు నా వైపు తిరిగి ఉంది.

"మీ బిందెలు టీచరమ్మా."

"బిందెలిస్తే ఇచ్చావు, నీళ్ళతో ఎందుకమ్మా ఇంత దూరం మోయడం?" అన్నాను.

"ఒట్టి బిందె ఎట్లిస్త? పుచ్చుకున్న గిన్నె ఒట్టిగియ్యొద్దంటరు గద" అంది, ముఖం తుడుచుకుంటూ. "మా నల్లా నీళ్ళు."

ట్రాలీ రాలేదు. వాళ్ళన్నకి వద్దని సెక్రటరీ ఫోన్లోంచే మా అందరి ముందూ చెప్పింది. ఆ గంట ఆ తర్వాత ఇంకో నాలుగేళ్ళు నడిచింది, కొత్త పైపులైను వచ్చేదాకా. మా అత్తయ్య పోయింది, కరెంటు సార్ పోయాడు. మెస్సక్క చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీదికి పెద్ద చోటికి మారింది. కూరగాయలు ఇప్పుడు మిషన్లు కోస్తాయట. నేను అటు వెళితే అన్నం పెట్టకుండా పంపదు.

ఆ బిందెలు రెండూ మా వంటింటి గట్టు మీద ఉన్నాయి. రోజు విడిచి రోజు వాటిని కడిగి నల్లా కింద పెట్టి నింపుతాను. ఇరవై నాలుగ్గంటలూ నీళ్ళొచ్చే ఇంట్లో ఇదేం పిచ్చి అని మా ఆయన నవ్వుతారు. నవ్వనీ. వాటిని ఒట్టిగా ఉంచడానికి నాకు చేతులు రావు.